నైస్: తెలివితక్కువతనం నుంచి చక్కదనం దాకా

ప్రశ్న: ‘నైస్’ అనే మాట ఫ్రాన్సులోని నీస్ నగరం పేరు నుంచి పుట్టిందంటున్నారు, నిజమేనాండీ? ‘ఎ నైస్ డిస్టింక్షన్’ను ‘చక్కని తేడా’ అని తెలుగు చేయొచ్చా?

జవాబు: ఆ ఊరికీ ఈ మాటకీ సంబంధం లేదండీ. ఊరి పేరు గ్రీకుల విజయదేవత నైకీ పేరుతో ముడిపడింది. ‘నైస్’కు మూలం లాటిన్ ‘నెస్కియుస్’. ‘నె’ అంటే లేదు, ‘స్కీరె’ అంటే తెలియడం. వెరసి అజ్ఞుడు! ‘సైన్స్’ పుట్టిందీ ఆ ‘స్కీరె’ నుంచే. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఎవరినైనా నైస్ అంటే తిట్టినట్టే. ఆ శతాబ్దం చివరికల్లా ప్రతిదానికీ వంకలు పెట్టే మనిషి నైస్ అయ్యాడు. పట్టింపులోంచి సున్నితత్వం, 16వ శతాబ్దంలో కచ్చితత్వం వచ్చాయి. ‘బాగుంది’ అనే అర్థం 18వ శతాబ్దం రెండో సగంలో గానీ రాలేదు.

మీరడిగిన ప్రయోగంలో ఉన్నది కచ్చితత్వమే. కాబట్టి ‘సూక్ష్మమైన తేడా’ అనాలి. ‘నైస్ పాయింట్ ఆఫ్ లా’ కూడా మంచి న్యాయాంశం కాదు, నిశితంగా చూస్తే తప్ప తేలని అంశం. అనువాదంలో ముందు రచన ఏ కాలానిదో చూడండి, ఆపైన నైస్ పక్కనున్న నామవాచకం చూడండి. తేడా, వాదన, తీర్పు అయితే సూక్ష్మం. భోజనం, ఇల్లు, వాతావరణం అయితే బాగుండడం. ‘నైస్ అండ్ వార్మ్’లో మాత్రం దానికి విడిగా అర్థం వెతకొద్దు, ‘హాయిగా వెచ్చగా’ అంటే చాలు.

మరొకరు: ‘అజ్ఞ’తో అర్థం కలిసింది గానీ ధాతువు వేరండీ. మన ‘జ్ఞా’కు చుట్టం ఇంగ్లీషు ‘నో’, అంటే తెలుసుకోవడం. నైస్ నడిచిన దారిలోనే నడిచిన మాట మనకు ‘ముగ్ధ’. ‘ముహ్’ ధాతువు నుంచి మూఢ, ముగ్ధ రెండూ వచ్చాయి. మూఢ ఉన్నచోటే ఉండిపోయింది. ముగ్ధ తెలివిమాలినతనం నుంచి అమాయకత్వానికి, అక్కణ్నుంచి అందానికి చేరి ‘ముగ్ధమనోహరం’లో స్థిరపడింది. అర్థాలు ఇలా మెరుగవడం అరుదేమీ కాదు గానీ, ఈ రెండూ ఇంత దగ్గరగా నడవడం నాకెంతో ఇష్టం.

ఇంకో సంగతి. ‘బియ్యప్పిండి నైస్‌గా పట్టించండి’ అంటాం కదా, ఆ మెత్తదనం ఇంగ్లీషు నైస్‌కు లేదు, వాళ్లు ‘ఫైన్’ అంటారు. వంటల పుస్తకం ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ‘నైస్‌లీ’ అని రాస్తే చదివేవారికి ‘చక్కగా’ అనే తోస్తుంది. పిండి బరకగా మిగిలి, చుట్టేటప్పుడు జంతికలు తెగిపోతాయి.