రైటింగ్ సెంటర్‌లో తప్పులు దిద్దాలా, వద్దా?

గాజువాక నుంచి ఒక తండ్రి:
మా అమ్మాయి విశాఖలోని ఒక డిగ్రీ కాలేజీలో చదువుతోంది. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమం. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ రిపోర్టు ఇంగ్లీషులో రాసుకుని, విద్యార్థులు రాసినదాన్ని చూసి సాయం చేయడానికి కాలేజీలో కొత్తగా పెట్టిన రైటింగ్ సెంటర్‌కు తీసుకెళ్లింది. ముప్పావు గంట ప్రశ్నలు వేసి పంపించారట. ఒక్క తప్పూ దిద్దలేదు. సోమవారం రిపోర్టు ఇవ్వాలి. దిద్దని చోటికి పిల్లలు ఎందుకు వెళ్లాలి?

ఎంవీపీ కాలనీ నుంచి ఆంగ్ల అధ్యాపకురాలు:
అయ్యా, దిద్ది ఇస్తే ఈ సోమవారం గడుస్తుంది. తరువాతి రిపోర్టులో అవే తప్పులు మళ్లీ వస్తాయి. అమెరికాలో స్టీఫెన్ నార్త్ అనే అధ్యాపకుడు 1984లో ఒక వ్యాసం రాశారు. రైటింగ్ సెంటర్‌ను మరమ్మతు షాపులా చూస్తున్న సహోద్యోగులపై కోపంతో రాసిన వ్యాసం అది. రైటింగ్ సెంటర్ బాగుచేయాల్సింది కాగితాన్ని కాదు, రాసేవారిని అని ఆయన వాదన. నేను దాన్ని పూర్తిగా నమ్ముతాను.

ఆ ప్రశ్నలు కాలక్షేపానికి వేసినవి కావు. భీమిలి దారిలోని ఒక మత్స్యకార గ్రామంలో తాగునీటిపై సర్వే చేసిన విద్యార్థి ఒకరు నా దగ్గరికి వచ్చాడు. మొదటి రెండు పేజీల నిండా నీరు ప్రాణాధారం అన్న మాటలే. ‘నువ్వు ఎవరితో మాట్లాడావు? వాళ్లు ఏం చెప్పారు?’ అని అడిగాను. కుళాయి వచ్చే వేళకే పడవలు ఒడ్డుకు చేరతాయని, ఆడవాళ్లు చేపల దగ్గర ఉండాలో బిందెల దగ్గర ఉండాలో తేల్చుకోలేకపోతున్నారని చెప్పాడు. రిపోర్టు అంతా ఆ మాటలోనే ఉంది, కాగితం మీద మాత్రం లేదు. ఆ రెండు పేజీల్లో వ్యాకరణం దిద్ది ఉంటే, తప్పుల్లేని ఖాళీ పేజీలు మిగిలేవి.

సిరిపురం నుంచి పీజీ విద్యార్థి:
మేడమ్, నార్త్ పనిచేసిన చోట చాలామందికి ఇంగ్లీషు మాతృభాష. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మాధ్యమం చేశారు. శ్రీకాకుళం, పాడేరు వైపు నుంచి తెలుగులో చదువుకుని వచ్చినవారికి నియమమే తెలియనప్పుడు, ‘ఈ వాక్యం ఎలా ఉంది?’ అని అడిగితే ఏం చెబుతారు? నన్నూ అలాగే అడిగారు. అవమానంగా అనిపించింది. ఆ తరువాత డబ్బిచ్చి బయట రాయించుకునే స్నేహితులను నేను తప్పుపట్టలేకపోయాను.

ఎంవీపీ కాలనీ నుంచి ఆంగ్ల అధ్యాపకురాలు:
తమ్ముడూ, నిన్ను అలా అడగడం తప్పు. తెలియని నియమం చెప్పి తీరాలి. అయితే తెలియక చేసిన తప్పు వేరు, తెలిసీ చూసుకోని తప్పు వేరు. 1983లో అమెరికాలోనే రిచర్డ్ హాస్వెల్ అనే అధ్యాపకుడు తప్పును దిద్దకుండా, అది ఉన్న వరుస పక్కన చిన్న గుర్తు మాత్రం పెట్టారు. విద్యార్థులు దాదాపు 60 శాతం తప్పులను తామే సరిచేసుకున్నారు. అక్కడి పిల్లల లెక్క ఇక్కడ అలాగే వస్తుందని అనను. కానీ మిగిలిన వాటిలో పదేపదే వచ్చేవి ఒకటో రెండో ఉంటాయి. మన పిల్లలకు తరచుగా క్రియాకాలం, ఆర్టికల్స్ (a, an, the). ఆ నియమాన్ని ఒక వాక్యంలో చూపించి, తరువాతి వాక్యం వాళ్ల చేతే దిద్దించాలి. కలం విద్యార్థి చేతిలోనే ఉండాలి.

బయట రాయించుకోవడం గురించి మాత్రం ఒప్పుకోను. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతలతో సారూప్యత 10 శాతం దాటితే శిక్షలు మొదలవుతాయి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. డిగ్రీలో రాయడం నేర్చుకోనివారు పీహెచ్‌డీలో ఎక్కడ నేర్చుకుంటారు?

గాజువాక నుంచి ఒక తండ్రి:
మా అమ్మాయి ఆ ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పవచ్చా?

ఎంవీపీ కాలనీ నుంచి ఆంగ్ల అధ్యాపకురాలు:
చెప్పాలి. తెలుగులో మాట్లాడనివ్వని రైటింగ్ సెంటర్ మన ఊళ్లో ఉండకూడదు. విషయం ముందు తన భాషలో చెప్పమనండి, మీరు వింటూ ప్రశ్నలు వేయండి. ఆ తరువాత ఇంగ్లీషులో రాసుకుని శనివారం మళ్లీ వెళ్లమనండి. ఈసారి వ్యాకరణం గురించి తనే అడగాలి.