జైలుకెళ్లొచ్చినవాడు వకీలు కావచ్చు, వాచ్‌మన్ కాకూడదా?

బరంపురం బాబు:
మా వీధి కుర్రాడొకడు కొట్లాట కేసులో మూడేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. వాచ్‌మన్ పని కోసం ఒక సెక్యూరిటీ ఏజెన్సీకి వెళ్తే ముందు కూర్చోబెట్టారట, కేసు మాట చెప్పగానే ఆధార్ జిరాక్స్ తిరిగి చేతిలో పెట్టారట. వాళ్లని తిట్టి లాభం లేదు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 10వ సెక్షనే, కోర్టులో శిక్ష పడినవాణ్ని గార్డుగా పెట్టుకోవద్దంటుంది. ఎన్నాళ్లపాటు? గడువు రాయలేదు. అదే 1961 అడ్వకేట్ల చట్టం చూడండి. నైతిక పతనం కిందికొచ్చే (మోసం లాంటి) నేరంలో శిక్ష పడ్డా, విడుదలైన రెండేళ్లకి 24ఏ సెక్షన్ అడ్డు తొలగిపోతుంది. నల్లకోటుకి రెండేళ్లు, విజిల్‌కి జీవితాంతమా?

రాయగడ సెక్రటరీ:
బాబూ, వినడానికి బాగానే ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో పద్నాలుగు ఇళ్ల తాళాలు వాచ్‌మన్ గదిలో మేకుకి వేలాడుతుంటాయి. బడి నుంచి పిల్లలొస్తే ముందు కనిపించేది ఆయనే. రేపు ఏదైనా జరిగితే మీ 24ఏ చూపించి తప్పించుకోమంటారా? వకీలు మా ఇంటికి రాడు, మేమే ఆయన దగ్గరికి వెళ్తాం.

పర్లాకిమిడి మాస్టారు:
తాళాల మాట నిజమే. దొంగతనం కేసువాడికి తాళాలివ్వమని, పిల్లల జోలికెళ్లినవాణ్ని బడి గేటు దగ్గర నిలబెట్టమని ఎవరూ అనరు. కానీ గార్డుల చట్టంలోని ఆ 10వ సెక్షన్ ఏం నేరం చేశావని అడగదే! అందర్నీ ఒకే గాటన కట్టేసింది.

నా బాధ ఇంకోటి. జైల్లో వైరింగ్ నేర్చుకున్నవాడు బయట చేయాలంటే లైసెన్సున్న కాంట్రాక్టర్ కింద, వైర్‌మన్ పర్మిట్‌తో చేయాలి. పర్మిట్ లేకపోతే హెల్పరే. బరంపురంలో అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి పందిళ్ల లైట్లు కడుతుంటే చూశాను. పని లోపలే నేర్చుకున్నాయన ఒకడు, టేపు చుట్టిన ప్రతి జాయింటునీ రెండుసార్లు లాగి చూస్తున్నాడు. సంతకం పెట్టే మేస్త్రీ కుర్చీలో కూర్చుని పకోడీలు తింటున్నాడు. (పకోడీలు నాకూ పెట్టాడు, అది వేరే సంగతి.) కూలి మాత్రం హెల్పర్ కూలే. ఆ పర్మిట్ పరీక్షేదో విడుదలకి ముందే రాయించవచ్చు కదా? బయటికొచ్చాక ఆఫీసు చుట్టూ తిరగాలంటే ఆ రోజు కూలి పోతుంది.

రాయగడ సెక్రటరీ:
వైరింగ్‌కి నాకు అభ్యంతరం లేదు మాస్టారూ. మేస్త్రీ వెంట వస్తాడు, పని చూసుకుని వెళ్తాడు. తాళాలే వద్దంటున్నాను.

బరంపురం బాబు:
ఇంకో తమాషా. 1958 ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, మంచి ప్రవర్తన బాండు మీద వదిలేసినవాడికి శిక్ష వల్ల వచ్చే అనర్హత ఏదీ అంటదు. మావాణ్ని జడ్జిగారు అలా బాండు మీద వదిలి ఉంటే ఈపాటికి మీ గేటు దగ్గరే ఉండేవాడేమో సెక్రటరీగారూ. మాస్టారూ, ఆ మేస్త్రీ ఈసారి యాత్రకి కూడా మనుషుల్ని తీసుకుంటాడా? హెల్పర్‌గా అయినా సరే, కనుక్కుని చెప్పండి.