విండోస్ నుంచి లినక్స్‌కి మారిస్తే టేబుల్స్ దొరకట్లేదు, తెలుగు పాడైంది

హన్మకొండ_పత్తి:
అన్నలూ, ఎనుమాముల మార్కెట్ పత్తి, మిర్చి రేట్లు పెట్టే సైట్ ఒకటి నడుపుతున్నా. పీహెచ్‌పీ కోడ్, మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్. ఇన్నాళ్లు విండోస్ సర్వర్ మీద ఐఐఎస్ వెబ్ సర్వర్‌లో ఉండె, ఖర్చు ఎక్కువైందని ఉబుంటు లినక్స్‌కి మారుస్తున్న. పవర్‌షెల్‌లో (విండోస్ కమాండ్ విండో) డంప్ (డేటాబేస్ మొత్తం కాపీ ఫైల్) తీస్తే లినక్స్‌లో ఎక్కలేదు, నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే ఎక్కింది. ఇప్పుడేమో తేజ, చపాట అని మిర్చి రకాల పేర్లు ఉండాల్సిన చోట ఆల్ఫాలు (α), పిచ్చి గీతలు కనబడుతున్నాయి, పైగా టేబుల్ లేదని ఎర్రర్. రైతులు రోజూ చూసే సైట్, టెన్షన్‌గా ఉంది. పాత సర్వర్ ఇంకా నడుస్తోంది.

కాజీపేట_రైలు:
తమ్మీ, పాత సర్వర్ ఉంది కదా, ఏం పోలేదు. పాడైంది డంప్ ఫైల్ ఒక్కటే. పవర్‌షెల్ 5.1లో బాణం గుర్తు (>) తో ఫైల్‌లోకి పంపితే అది డంప్‌ని పాత కోడ్‌పేజీలో (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) చదివి యూటీఎఫ్-16లో రాస్తుంది. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో 3 బైట్లు, మొదటి బైటు ఈ0 (E0), అది 437 కోడ్‌పేజీలో ఆల్ఫా. నీకు కనబడే ఆల్ఫాలు అవే. ఆ ఫైల్‌ని బాగుచేస్తూ కూర్చోకు, పడేసి మళ్లీ తియ్యి. బాణం వద్దు, మైఎస్‌క్యూఎల్‌డంప్‌కే రిజల్ట్-ఫైల్ ఆప్షన్ ఉంది, దాంతో పాటు క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8) అని ఇవ్వు.

టేబుల్ సంగతికొస్తే, విండోస్‌లో మైఎస్‌క్యూఎల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లో దాస్తుంది, కోడ్‌లో పెద్ద అక్షరాలతో రాసినా నడుస్తుంది. లినక్స్‌లో నడవదు. కోడ్‌లోని పేర్లే చిన్న అక్షరాలకు మార్చెయ్.

నర్సంపేట_సర్వర్:
కోడ్ పెద్దదైతే అన్నీ వెతికి మార్చడం కష్టం అన్నా. మైఎస్‌క్యూఎల్‌లో లోయర్_కేస్_టేబుల్_నేమ్స్ అనే సెట్టింగ్ 1 పెడితే సరిపోతుంది. కానీ మైఎస్‌క్యూఎల్ 8లో అది డేటా డైరెక్టరీ తయారయ్యేటప్పుడే పెట్టాలి, తర్వాత మార్చితే సర్వర్ స్టార్టే కాదు. నీ కొత్త సర్వర్‌లో ఇంకా పనికొచ్చే డేటా ఏమీ లేదు కాబట్టి డైరెక్టరీ ఖాళీ చేసి మళ్లీ ఇనీషియలైజ్ చేసుకోవచ్చు.

కాజీపేట_రైలు:
చేసుకోవచ్చు, నిజమే. కానీ పీహెచ్‌పీ ఫైళ్ల పేర్లకు ఆ సెట్టింగ్ పనిచెయ్యదు కదా, ఇంక్లూడ్‌లో కాన్ఫిగ్ అని పెద్ద అక్షరంతో రాసి ఫైల్ చిన్నక్షరంతో ఉంటే లినక్స్‌లో అది వేరే ఫైలే. ఎట్లాగూ వెతకాలి, ఒక్కసారే అన్నీ సరిచేస్తే ఇంకో సర్వర్‌కి పోయినా తిప్పలుండవు. ఫైల్ దారుల్లో వెనక్కి వాలే గీతలు (\) ఉంటే అవీ మార్చు. ఐఐఎస్ సెట్టింగుల ఫైల్ వెబ్.కాన్ఫిగ్‌లోని రూల్స్ లినక్స్‌లో అపాచీగాని ఎన్‌జిన్‌ఎక్స్‌గాని చదవవు, మళ్లీ రాసుకోవాల్సిందే. టాస్క్ షెడ్యూలర్‌లో ఉన్నవి క్రాన్‌లో (లినక్స్‌లో వేళకు పనులు నడిపేది) పెట్టు. కొత్త సర్వర్ టైమ్ యూటీసీలో (మన టైమ్‌కి అయిదున్నర గంటలు వెనక) ఉందేమో చూడు, అట్లనే వదిలేస్తే తెల్లారి అయిదున్నర లోపు ఎక్కించిన రేట్లు నిన్నటి తేదీతో పడతాయి.

హన్మకొండ_పత్తి:
రిజల్ట్-ఫైల్‌తో తీస్తే తెలుగు చాలావరకు సరిగ్గా వచ్చింది అన్నా! చాలా థ్యాంక్స్. రెండు పాత టేబుల్స్‌లో మాత్రం ఇంకా తేడాగా ఉంది, పాత సైట్‌లో బాగానే కనబడతాయి అవి.

కాజీపేట_రైలు:
పాత సర్వర్‌లోనే ఆ కాలమ్‌కి హెక్స్ (బైట్లను కోడ్ అంకెల్లో చూపే ఫంక్షన్) కొట్టి చూడు. ఈ0బీ0 లేదా ఈ0బీ1తో మొదలైతే డేటా మంచిదే. సీ3ఏ0తో మొదలైతే అప్పట్లో లాటిన్1 (తెలుగు లేని పాత ఎన్‌కోడింగ్) కనెక్షన్‌తో ఎక్కించారు, రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది. ఆ రెండు టేబుల్స్ వరకే లాటిన్1 అని ఇచ్చి డంప్ తీసి, ఫైల్‌లో సెట్ నేమ్స్ లైన్‌ని యూటీఎఫ్8ఎంబీ4కి మార్చి ఎక్కించు. అన్ని టేబుల్స్‌లో వరుసల లెక్క కలిసేదాకా డొమైన్ మార్చకు.