ఆర్సీ భార్య పేరు మీద, నడిపేది నేను: ఇన్సూరెన్స్ ఎట్ల చేయించాలె?

అందరికీ నమస్తే. మాది నల్గొండ. కారు ఆర్సీ నా భార్య పేరు మీద ఉంది, లైఫ్ ట్యాక్స్ కొన్నప్పుడే కట్టేసినం. ఆమెకు డ్రైవింగ్ రాదు, లైసెన్స్ లేదు. వచ్చే నెల పాలసీ రెన్యూవల్.

పాలసీ ఆర్సీలో ఉన్న పేరు మీదనే ఉండాలని తెలుసు. నా భయమంతా 15 లక్షల ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా గురించి. అది లైసెన్స్ ఉన్న ఓనర్‌కే వర్తిస్తది. మిర్యాలగూడ రోడ్డు మీద ధాన్యం లారీల నడుమ రోజూ స్టీరింగ్ పట్టేది నేను. నాకేమన్నా అయితే ఇంట్లోళ్లకు ఏం రాదా? ఏజెంటేమో "ఏం కాదు సార్, కట్టేయండి" అంటడు. ఆ ఒక్క మాట నమ్మి ఊరుకోలేను, చిన్న పిల్లలున్న ఇల్లు.

ఆమెకు లైసెన్స్ లేదని రాసిచ్చి ఆ కవర్ తీసేయించి, నా పేరు మీద వేరే యాక్సిడెంట్ పాలసీ తీసుకోవడం మంచిదా? లేక ఫారం 29, 30 పెట్టి బండినే నా పేరు మీదకు మార్చుకోవాల్నా? మారిస్తే ఆమె నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) నాకు రాదు కదా. పైగా నా పేరు మీద బైక్ ఉంది, రెండో బండి అని అదనపు ట్యాక్స్ అడుగుతరా? ఇట్ల మార్చుకున్నోళ్లు, ఆర్టీఏ పని తెలిసినోళ్లు దయచేసి చెప్పండి.