ఇంట్లో బీపీ ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది, ఏది నమ్మాలి?

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో నడిచి ఇంటికి రాగానే చూస్తే 148/92, రాత్రి 128/80. మిషన్ పాడైందంటారా?

జవాబు 1: మిషన్‌ని అనకండి, చూసిన వేళే తప్పు. నడక, టీ, సిగరెట్ అయ్యాక 30 నిమిషాలు ఆగాలి. మూత్రం ఆపుకుని చూసినా పెరుగుతుంది. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకి ఆన్చి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, అదీ చొక్కా మీద కాదు. చెయ్యి కిందికి వేలాడినా, లావు చేతికి చిన్న పట్టీ కట్టినా అంకె ఎక్కువే చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు, పొద్దున్నా సాయంత్రమూ, 7 రోజులు రాయండి. మొదటిరోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. 135/85 గానీ ఆ పైన గానీ ఉంటే డాక్టరుకి చూపించండి.

జవాబు 2: మొదటిసారి రెండు చేతులకీ చూడండి. ఎక్కువ వచ్చిన చేతికే ఇక ఎప్పుడూ.

అడిగినవారు: మందు వేసుకోకముందా, తరవాతా?

జవాబు 1: పొద్దున్నయితే ముందే, టిఫిన్ కూడా తినకుండా.

జవాబు 3: ఉప్పు సంగతి ఎవరూ ఎత్తలేదే! రోజంతటికీ 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు. కూరలో తగ్గించి పక్కన ఎండుచేప, ఆవకాయ, అప్పడం పెట్టుకుంటే ఏం లాభం? మామూలు ఉప్పుకి బదులు అమ్మే పొటాషియం ఉప్పు మాత్రం కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరుని అడగకుండా వాడొద్దు.