కీమో తర్వాత అమ్మకి విగ్గు: వెంట్రుకలు కుట్టి ఉండే లోపలి టోపీ ఏ రకం తీసుకోవాలి?

నమస్కారం అండీ. మా అమ్మకి 58 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్. రెండో కీమో అయ్యేసరికి జుట్టంతా ఊడిపోయింది. ఈ వేసవిలోనే తమ్ముడి పెళ్లి. తలకి గుడ్డ కట్టుకుని పీటల మీద కూర్చోనంటోంది.

విజయవాడలో ఒక షాపులో విగ్గు కొన్నాం. లోపల తిప్పి చూస్తే వరసలు వరసలుగా మిషన్ కుట్లు, మధ్యలో ఖాళీలు. గాలి బాగానే ఆడుతుంది, ధర కూడా తక్కువే. కానీ జుట్టు లేని తల మీద ఆ కుట్లు ఒరుసుకుని చెవుల వెనక ఎర్రగా కందిపోయింది. గంట కూడా ఉంచుకోలేకపోయింది పాపం.

ఇప్పుడు మోనోఫిలమెంట్ (మోనో) అనే రకం లోపలి టోపీ ఉన్న విగ్గు చూస్తున్నాం. పల్చటి వలకి ఒక్కో వెంట్రుకా ముడివేస్తారు కాబట్టి పాపిడి ఎటు తీసినా నిజం మాడులా కనబడుతుంది. అయితే పైన మాత్రమే మోనో ఉండి వెనక కుట్లే ఉంటే మళ్లీ అదే బాధ కదా? మొత్తం చేత్తో ముడివేసింది మెత్తగా ఉంటుంది, ధర చాలా ఎక్కువ. లేస్ ఫ్రంట్, అంటే ముందు అంచున సన్నటి లేస్ ఉండే రకం, నుదుటి దగ్గర అందంగా ఉంటుంది కానీ, ఆ అంచు అతికించడానికి వాడే జిగురూ టేపూ ఇప్పుడు అమ్మ చర్మానికి వద్దనే నా అభిప్రాయం.

వాడినవాళ్లు దయచేసి చెప్పండి. కుట్ల విగ్గు కింద కాటన్ టోపీ పెడితే ఒరుపు తగ్గుతుందా, లేక జారిపోతుందా? ఐదారు గంటలు ఉక్కలో ఏది భరించగలదు? సింథటిక్ వెంట్రుక వేడికి ముడుచుకుపోతుంది కాబట్టి హోమం దగ్గర భయంగా ఉంది. ఇంకొకటి, అమ్మకి పాపిట్లో కుంకుమ పెట్టుకోవడం అలవాటు. మోనో వల మీద పెడితే ఆ మరక పోతుందా?