ఇయర్‌ఫోన్స్ తీసేసినా ల్యాప్‌టాప్ స్పీకర్లు పలకట్లేదు

ప్రశ్న:
నాలుగు రోజులుగా నా ల్యాప్‌టాప్ స్పీకర్ల నుంచి చప్పుడే లేదండి. ఇయర్‌ఫోన్స్ పెడితే బాగానే వినిపిస్తోంది, తీసేశాక కూడా వాల్యూమ్ దగ్గర హెడ్‌ఫోన్స్ అనే చూపిస్తోంది. సౌండ్ డ్రైవర్ (శబ్దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ ఎక్కించాను, మార్పు లేదు. పిన్నును కాస్త పక్కకి వంచి లాగితే మాత్రం ఒకట్రెండు సెకన్లు స్పీకర్లు పలికి మళ్లీ ఆగిపోతున్నాయి. రోజూ ఆన్‌లైన్ క్లాసులు చెప్పాలి, మదర్‌బోర్డు మార్చాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఆ ఒకట్రెండు సెకన్లు పలికాయంటే స్పీకర్లు బాగున్నట్టే, కంగారు పడకండి. ఇయర్‌ఫోన్స్ పిన్ను పెట్టే ఆ 3.5 మి.మీ. రంధ్రం, అంటే జాక్ లోపల సన్నటి రేకు ఒకటి ఉంటుంది, పిన్ను దూరగానే అది కదులుతుంది, దాన్ని బట్టే సిస్టమ్ స్పీకర్లు ఆపేస్తుంది. దుమ్ము పట్టినా, తుప్పు పట్టినా, రేకు వంగిపోయినా పిన్ను ఇంకా లోపలే ఉందనుకుంటుంది. ముందు టార్చ్ వేసి చూడండి, ఒక్కోసారి పిన్ను కొన విరిగి లోపలే ఉండిపోతుంది. ఏమీ లేకపోతే ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్న బ్రష్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (త్వరగా ఆవిరైపోయే శుభ్రపరిచే ద్రవం) కొద్దిగా అద్ది మెల్లగా తిప్పండి. బాగా ఆరాక పిన్నును ఓ పదిహేనుసార్లు పెట్టి తీయండి. పిన్నీసు, సూది లాంటివి మాత్రం దయచేసి పెట్టకండి, ఉన్న రేకు కాస్తా వంగిపోతుంది.

జవాబు 2:
శుభ్రం చేసినా దారికి రాకపోతే జాక్ సమస్యని సెట్టింగుల్లో దాటేయొచ్చు. విండోస్‌లో సౌండ్ సెట్టింగులు మార్చే రియల్‌టెక్ ఆడియో కన్సోల్ అనే యాప్ ఉంటే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ చూడండి. కొన్ని మోడళ్లలో హెడ్‌ఫోన్‌ని, స్పీకర్లని రెండు వేర్వేరు పరికరాలుగా విడదీసే ఆప్షన్ ఉంటుంది, అది పెడితే స్పీకర్లని మనమే ఎంచుకోవచ్చు. లినక్స్‌లో ఇంకా తేలిక, టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) ఆల్సామిక్సర్ అనే సౌండ్ ప్రోగ్రామ్ తెరిచి ఎఫ్6తో సౌండ్ కార్డు ఎంచుకుని, పిన్ను పెట్టగానే స్పీకర్లు ఆపేసే ఆటో మ్యూట్ మోడ్‌ని డిసేబుల్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

జవాబు 3:
మదర్‌బోర్డు మార్చాలని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకండి. కొన్ని మోడళ్లలో జాక్, యూఎస్‌బీ పోర్టుతో కలిసి విడి చిన్న బోర్డు మీద ఉంటుంది, అదొక్కటే మారిస్తే చాలు. మదర్‌బోర్డు మీదే ఉన్నా టంకం తీసి జాక్ వరకు మార్చగలరు, కాకపోతే చెయ్యి తిరిగిన వాళ్లే చెయ్యాలి. రేపటి క్లాసుకి బ్లూటూత్ స్పీకర్ గానీ యూఎస్‌బీ స్పీకర్ గానీ పెట్టుకోండి, ఆ శబ్దానికి ఈ జాక్‌తో పనిలేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. బ్రష్ తిప్పితే నూలు పోగు లాంటి ఉండ ఒకటి బయటికొచ్చింది! స్పీకర్లు పలికాయి గానీ అరగంటకి మళ్లీ ఆగిపోయాయి. ఆడియో కన్సోల్‌లో విడదీసే ఆప్షన్ దొరికింది, అది పెట్టి స్పీకర్లు ఎంచుకున్నాక ఇప్పటివరకు ఆగలేదు, ఇవాళ రెండు క్లాసులూ పూర్తిచేశాను. సెలవుల్లో విప్పించి జాక్ మార్పిస్తాను.